డి.ఎన్.ఎ. ఒడిలో వెలిగే వెండి

ఆసుపత్రిలో వెండికి ఉద్యోగం కొత్త కాదు. పుట్టిన బిడ్డ కళ్లలో సిల్వర్ నైట్రేట్ ద్రావణం ఒక్క చుక్క వేస్తే, తల్లి నుండి అంటుకునే గనేరియా వలన వచ్చే గుడ్డితనాన్ని ఆపవచ్చని 1881లో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో కార్ల్ క్రెడే అనే ప్రసూతి వైద్యుడు ప్రకటించాడు. ఎందరో బిడ్డల చూపును ఆ చుక్క కాపాడింది. తరువాత దాని స్థానంలోకి యాంటీబయాటిక్ మందులు వచ్చాయి. 1968లో అమెరికాలో చార్లెస్ ఫాక్స్ అనే వైద్యుడు కాలిన గాయాలకు సిల్వర్ సల్ఫాడయజిన్ లేపనాన్ని పరిచయం చేశాడు. ఆ తెల్లని లేపనం ఈనాటికీ మా డ్రెస్సింగ్ ట్రాలీ మీద ఉంటుంది. ముక్కులో రక్తం కారే చోటును కాల్చడానికి, పసిబిడ్డ బొడ్డులో మిగిలిన పుండుకు అంటించడానికి సిల్వర్ నైట్రేట్ పుల్ల వాడతారు. అది తగిలిన వేలు నల్లబడుతుందని, ఎంత సబ్బు రుద్దినా ఆ మచ్చ పోదని ప్రతి నర్సుకూ తెలుసు.

ఈ పనులన్నిటిలో వెండి క్రిములను చంపుతుంది, లేదా చర్మాన్ని కాల్చుతుంది. గడచిన ఇరవై ఏళ్లలో శాస్త్రజ్ఞులు దానికి మరొక పని కనిపెట్టారు. అదే వెలగడం. డి.ఎన్.ఎ. పోగులో చిక్కుకున్న కొద్దిపాటి వెండి పరమాణువులు పచ్చగా, ఎర్రగా, ఇంకా ఎన్నో రంగులలో కాంతినిస్తాయి. వ్యాధిని మొదట్లోనే పట్టుకోవడానికి ఆ కాంతి ఉపయోగపడగలదు.

ఈ సంగతి మేము ఇక్కడ రాయడానికి రెండు కారణాలున్నాయి. మా నర్సింగ్ విద్యార్థినులు “నానో” అనే మాట విని అదేమిటో చెప్పమంటున్నారు. రోగుల బంధువులేమో “నానో వెండి” అని రాసిన సీసాలు తెచ్చి, తాగించవచ్చా అని అడుగుతున్నారు. ఏది నిజమో, ఏది ఇంకా ప్రయోగశాల దాటి రాలేదో చదువరులకు తెలియడం మంచిది.

వెలుగు ఎలా పుడుతుంది?

బ్యాంకులో నోటును ఊదారంగు దీపం కింద పెట్టినప్పుడు నోటు నంబరు మెరవడం మీరు చూసే ఉంటారు. కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలను ఆ సిరా పీల్చుకొని, కంటికి కనిపించే కాంతిగా తిరిగి ఇస్తుంది. ఇలా ఒక కాంతిని పుచ్చుకొని మరొక రంగు కాంతిని ఇవ్వడాన్ని ప్రతిదీప్తి అంటారు. ఇంగ్లీషులో దీనికి ఫ్లోరోసెన్స్ అనే పేరు 1852లో జార్జి స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు పెట్టాడు. ఆయన పరిశీలించిన పదార్థాలలో మలేరియా మందుగా మనకు తెలిసిన క్వినైన్ ఒకటి. క్వినైన్ కలిపిన నీరు మామూలుగా చూస్తే తెల్లని నీరే. అతినీలలోహిత కిరణాలు పడితే నీలంగా మెరుస్తుంది.

క్షయ అనుమానం ఉన్నవారి తెమడను ఆరమిన్ అనే రంగుతో తడిపి, ప్రత్యేకమైన మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష కూడా ఇలాంటిదే. చీకటి నేపథ్యంలో క్షయ క్రిములు పసుపుపచ్చగా మెరుస్తాయి. చీకట్లో మెరిసేదాన్ని వెతకడం కంటికి సులువు కనుక ల్యాబులో పని త్వరగా తెములుతుంది.

మరి వెండి పళ్లెం ఇలా ఎందుకు మెరవదు? పళ్లెం మీద పడిన కాంతి అద్దంలో వలె తిరిగి వస్తుందే గాని రంగు మారదు. పెద్ద వెండి ముక్కలో ఎలక్ట్రాన్లు సంత మైదానంలో జనంలాగా అడ్డు లేకుండా తిరుగుతుంటాయి. అదే వెండిని పది, ఇరవై పరమాణువుల గుత్తిగా చేస్తే వాటికి ఆ స్వేచ్ఛ పోతుంది. మైదానం పోయి మెట్లు వస్తాయి. కాంతి తగిలిన ఎలక్ట్రాన్ పై మెట్టు ఎక్కుతుంది. కొంత శక్తిని వేడిగా పోగొట్టుకొని, మిగిలినదాన్ని కాంతిగా వదిలి కిందికి దిగుతుంది. కొంత శక్తి పోయింది కాబట్టే ఆకుపచ్చ కాంతి వేస్తే ఎర్రని కాంతి వస్తుంది. ఎక్కడం దిగడం అంతా సెకనులో వంద కోట్లవ వంతులు మూడో నాలుగో గడిచేసరికి అయిపోతుంది.

ఇంత చిన్న గుత్తిని శాస్త్రజ్ఞులు నానోక్లస్టర్ అంటారు. మనం వెండి గుత్తి అనుకుందాం. దాని పొడవు ఒకటి రెండు నానోమీటర్లు. మన తల వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు ఉంటుందంటే ఇక ఊహించుకోండి.

డి.ఎన్.ఎ. ఎందుకు కావాలి?

వెండి పరమాణువులను నీటిలో వదిలితే ఊరుకోవు. నేల మీద పడిన పాదరసపు బొట్లలాగా ఒకదానితో ఒకటి కలిసి పెద్దవి కావాలని చూస్తాయి. పెద్దవైతే మెట్లు పోతాయి, వెలుగూ పోతుంది. వాటిని చిన్న గుత్తిగానే పట్టి ఉంచే చేయి ఒకటి కావాలి. ఆ చేయి డి.ఎన్.ఎ. అవుతుందని 2004లో అమెరికాలో జెఫ్రీ పెట్టీ, రాబర్ట్ డిక్సన్, నికొలస్ హడ్ మొదలైన శాస్త్రజ్ఞులు చూపించారు.

డి.ఎన్.ఎ. అంటే మన దాదాపు ప్రతి కణంలోనూ ఉండే వారసత్వ పుస్తకం. దానిని నాలుగే అక్షరాలతో రాశారు: ఎ, టి, జి, సి. వీటిలో సి అనే అక్షరం, అంటే సైటోసిన్, వెండి అయాన్లను గట్టిగా పట్టుకుంటుంది. పైన చెప్పిన శాస్త్రజ్ఞులు 12 అక్షరాల చిన్న డి.ఎన్.ఎ. పోగును తీసుకున్నారు. దానిని సిల్వర్ నైట్రేట్‌తో నీటిలో కలిపారు. తరువాత సోడియం బోరోహైడ్రైడ్ అనే రసాయనాన్ని వేశారు. అది కొన్ని వెండి అయాన్లను మామూలు పరమాణువులుగా మార్చింది. అవి గుత్తి కట్టాయి, చుట్టూ డి.ఎన్.ఎ. అల్లుకుంది, ద్రావణం వెలిగింది. మా మందుల బీరువాలో ఉండే సిల్వర్ నైట్రేటే ఇక్కడా ముడిసరుకు కావడం మాకు ఎంతో ఆశ్చర్యం కలిగించింది.

రంగును నిర్ణయించేది అక్షరాల వరుస

డి.ఎన్.ఎ. పోగులో అక్షరాల వరుస మారిస్తే దానిలో ఇమిడే వెండి గుత్తి పరిమాణం, ఆకారం మారతాయి. దానితో రంగు కూడా మారుతుంది. నీలం నుండి కంటికి కనిపించని పరారుణం దాకా ఎన్నో రంగుల గుత్తులను ఇలా తయారుచేశారు.

ఈ గుత్తి గుండ్రని ఉండలాగా కాక చిన్న కడ్డీలాగా ఉంటుందనడానికి ఆధారాలను 2013లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరా విశ్వవిద్యాలయ బృందం చూపించింది. గుత్తిలోని వెండి అంతా ఒకే స్థితిలో ఉండదు. కొన్ని విద్యుదావేశం ఉన్న అయాన్లు, కొన్ని ఆవేశం లేని పరమాణువులు. ఆవేశం లేనివి 4 ఉన్న గుత్తులు ఎక్కువగా ఆకుపచ్చగానూ, 6 ఉన్నవి ఎక్కువగా ఎర్రగానూ వెలుగుతాయని అదే బృందం 2014లో తెలిపింది. కడ్డీ పొడవు పెరిగిన కొద్దీ రంగు ఎరుపు వైపుకు జరుగుతుందన్న మాట.

2019లో డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్‌లో టామ్ వోష్, జపాన్‌లోని టోక్యోలో జిరో కోండో బృందాలు కలిసి ఒక వెండి గుత్తిని స్ఫటికంగా మార్చి, ఎక్స్‌రేలతో దాని లోపలి అమరికను చూశాయి. పదేసి అక్షరాలు గల రెండు డి.ఎన్.ఎ. పోగులు, వాటి నడుమ 16 వెండి పరమాణువులు. పొత్తిగుడ్డలో బిడ్డను చుట్టినట్టుగా ఆ పోగులు వెండిని చుట్టుకొని ఉన్నాయి. ఆ గుత్తి ఇచ్చే కాంతి 736 నానోమీటర్ల వద్ద ఉంటుంది. అది మన కంటికి దాదాపుగా ఆనని ముదురు ఎరుపు.

ఎరుపు మీదే శాస్త్రజ్ఞులకు ఎందుకంత ఆసక్తి? చీకటి గదిలో టార్చిలైటు వెలిగించి దాని మీద అరచేయి మూసి చూడండి. వేళ్ల అంచుల గుండా ఎర్రని కాంతి ఒక్కటే బయటకు వస్తుంది. నీలం, ఆకుపచ్చ కాంతులను రక్తం పీల్చుకుంటుంది. ఎరుపు, దాని పక్కనున్న పరారుణం మాత్రం మాంసం గుండా కొంత దూరం పోగలవు. రోగి వేలికి మేము తగిలించే పల్స్ ఆక్సీమీటర్ కూడా ఈ కారణంగానే 660 నానోమీటర్ల ఎరుపును, 940 నానోమీటర్ల పరారుణాన్ని వాడుతుంది. కనుక శరీరం లోపలి సంగతి బయటకు చెప్పగల దీపం ఏదైనా ఎర్రనిదై ఉండాలి.

ఒక్క అక్షరం తప్పు

ఇక మాకు అన్నిటికంటె ముఖ్యమైన సంగతికి వద్దాము. మా పిల్లల వార్డుకు ఏజెన్సీ గ్రామాల నుండి వచ్చే బిడ్డలలో కొందరికి చేతివేళ్లు, పాదాలు వాచి ఉంటాయి. రక్తం తక్కువ, కళ్లు పచ్చన, తరచు జ్వరం. తల్లి ఆ బిడ్డను ఎత్తుకొని ఎక్కని గడప ఉండదు. వాత నొప్పులని కొందరు, కామెర్లని కొందరు చెప్పి ఉంటారు. చివరకు పరీక్ష చేస్తే సికిల్ సెల్ ఎనీమియా అని తేలుతుంది. అప్పటికి ఆ బిడ్డ ఎంతో బాధపడి ఉంటుంది. కొందరి ఇళ్లలో అదే బాధతో అంతకుముందే ఒక బిడ్డ పోయి ఉంటుంది.

ఈ వ్యాధికి మూలం ఒకే ఒక్క అక్షరం. హిమోగ్లోబిన్ బీటా గొలుసును తయారుచేసే జన్యువులో ఒకచోట జి-ఎ-జి అని ఉండవలసింది జి-టి-జి అని ఉంటుంది. “పాలు తాగించండి” అని రాయవలసిన చోట “పాము” అని పడితే అర్థం ఏమవుతుంది? ఇదీ అంతే. ఆ ఒక్క అక్షరం వలన హిమోగ్లోబిన్ అణువులు ప్రాణవాయువు తగ్గినప్పుడు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎర్రకణం కొడవలిలాగా వంగిపోయి సన్నని రక్తనాళాలలో ఇరుక్కుంటుంది. ఆ నొప్పి పెద్దవారే ఓర్వలేరు.

ఇప్పుడు ఊళ్లలో మొదటగా చేసేది సాల్యుబిలిటీ పరీక్ష. ఇది చవక, త్వరగా అవుతుంది. కాని వ్యాధి ఉన్నవారిని, వాహకులను ఇది విడదీయలేదు. దానికి ఎలక్ట్రోఫోరెసిస్ గాని హెచ్.పి.ఎల్.సి. గాని కావాలి. పైగా ఆరు నెలలు నిండని బిడ్డలో గర్భంలోనాటి హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది కనుక సాల్యుబిలిటీ పరీక్షను నమ్మలేము. జన్యువులోని అక్షరాన్ని నేరుగా చదివే పరీక్షకు ఈ చిక్కు లేదు. ఆ అక్షరం గర్భంలో పడిన నాటి నుండి మారదు.

వెండి గుత్తి ఇక్కడే అక్కరకు రాగలదు. 2010లో చైనాలోని చాంగ్‌చున్‌లో వైవై గువో, అర్‌కాంగ్ వాంగ్ మొదలైనవారు ఒక పద్ధతి చూపించారు. వారు ఆరు సి అక్షరాల చిన్న మడతను డి.ఎన్.ఎ. జంట పోగులలో ఉంచారు. వెండి గుత్తి కట్టేది ఆ మడతలోనే. దాని పక్కన రెండు పోగుల అక్షరాలు సరిగ్గా జతపడ్డాయా, ఒక్కటి తప్పిందా అన్నదాన్ని బట్టి వెలుగు మారుతుంది. వారు ఎంచుకున్న ఉదాహరణ సికిల్ సెల్ అక్షరమే.

అదే సంవత్సరం అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాల వారు మరొక ఉపాయం చేశారు. వెలగని వెండి గుత్తిని ఒక పోగు మీద, జి అక్షరాలు ఎక్కువగా ఉన్న వరుసను మరొక పోగు మీద ఉంచారు. వెతుకుతున్న జన్యువు దొరికినప్పుడు రెండు పోగులూ దాని మీద పక్కపక్కన కూర్చుంటాయి. జి అక్షరాలు దగ్గరకు రాగానే గుత్తి సుమారు 500 రెట్లు ఎక్కువగా ఎర్రగా వెలిగింది. 2012లో వారే, ఒక్క అక్షరం తేడాను దీపం రంగులో తేడాగా చూపించారు.

క్షయకు చేసే ట్రూనాట్, సీబీనాట్ పరీక్షల యంత్రాలు కూడా లోపల ఇటువంటి వెలుగునే కొలుస్తాయి. వాటిలో ఒక రంగు అణువును, దానిని ఆర్పి ఉంచే మరొక అణువును డి.ఎన్.ఎ.కు ప్రత్యేకంగా అతికించాలి. వెండి గుత్తి అలా కాక డి.ఎన్.ఎ. మీద తనకు తానే కట్టుకుంటుంది, ఆర్పే అణువుతో పని లేదు. పరీక్ష సులభం, చవక కావచ్చునన్న ఆశ అందువలననే.

సెలైన్‌కు ఓడిపోయే వెండి

అయితే ఈ దీపం వార్డు దాకా రావడానికి అడ్డంకులున్నాయి. వాటిలో మొదటిది మా నర్సులకు బాగా తెలిసినదే. సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చిన తరువాత దాని పని ఆపాలంటే సెలైన్‌తో కడుగుతాము. సెలైన్‌లోని క్లోరైడ్ వెండిని పట్టుకొని సిల్వర్ క్లోరైడ్‌గా మార్చివేస్తుంది. కొన్ని వెండి డ్రెస్సింగులను సెలైన్‌తో కాక శుద్ధజలంతో తడపాలని చెప్పేది కూడా ఇందుకే. మన రక్తం ఉప్పునీరే కదా! లీటరు ప్లాస్మాలో సుమారు 100 మిల్లీమోల్‌ల క్లోరైడ్ ఉంటుంది. చాలా వెండి గుత్తులు అందులో ఎక్కువసేపు నిలువలేవు. ఇంతలో ఒక విచిత్రం కూడా బయటపడింది. పైన చెప్పిన 16 పరమాణువుల గుత్తిలో రెండు క్లోరైడ్‌లు కూడా భాగంగా ఉన్నాయని తరువాతి పరిశోధనలో తేలింది. అంటే, సరైన చోట కొద్దిగా ఉంటే క్లోరైడ్ గుత్తికి ఆసరా కూడా కాగలదు. గట్టి గుత్తులను తయారుచేసే దారి దీనివలన దొరకవచ్చని శాస్త్రజ్ఞులు ఆశిస్తున్నారు.

రెండవ అడ్డంకి మన కణాలలోని గంధకపు సంయుక్తాలు. వెండి పాత్ర నల్లబడటానికి కారణం గంధకమేనని ఇంట్లో పెద్దలకు తెలుసు. మూడవది, రక్తంలోని ఎంజైములు డి.ఎన్.ఎ. పోగును తెంపుతాయి. నాలుగవది, ఒకే గాజుగొట్టంలో పలురకాల గుత్తులు కలిసి తయారవుతాయి, వాటిని వేరుచేయాలి. ఈ కారణాల వలన ఈ పని ఇంకా పరిశోధన దశలోనే ఉంది. శరీరంలోకి ఎక్కించడం కంటె, బయటకు తీసిన నమూనాను గాజుగొట్టంలో పరీక్షించడానికి ఇది ముందుగా పనికిరావచ్చని మాకు అనిపిస్తున్నది.

సీసాలోని “నానో వెండి” ఇది కాదు

దయచేసి ఈ మాట గుర్తుంచుకోండి. మేము పైన రాసినది పరీక్షకు పనికివచ్చే దీపం గురించి. అది తాగే మందు కాదు. రోగనిరోధక శక్తి పెరుగుతుందని, షుగరు తగ్గుతుందని చెప్పి అమ్మే కొల్లాయిడల్ వెండి ద్రావణాలకు దీనితో సంబంధం లేదు. అటువంటి ద్రావణాలు సురక్షితమైనవని గాని, పనిచేస్తాయని గాని గుర్తించలేమని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1999లోనే ప్రకటించింది. వెండిని ఎక్కువ కాలం తాగితే అది చర్మంలో పేరుకొని ఒళ్లు నీలి బూడిదరంగుకు మారుతుంది. ఆ రంగు మళ్లీ పోదు. ఆ డబ్బుతో బిడ్డకు గుడ్లు, పాలు కొనండి.

ఈలోగా మనం చేయవలసినవి

కొత్త దీపం వచ్చేదాకా చేతిలో ఉన్న పరీక్షలను వాడుకుందాము. సికిల్ సెల్ ఎనీమియా నిర్మూలన కోసం మన దేశంలో 2023 జూలై 1న జాతీయ మిషన్ ప్రారంభమైంది. 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందిని పరీక్షించాలని, 2047 నాటికి ఈ వ్యాధి ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని దాని లక్ష్యం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలు కూడా ఇందులో ఉన్నాయి.

1. ఏజెన్సీ ప్రాంతపు కుటుంబాలవారు, ఇంట్లో ఈ వ్యాధి ఉన్నవారు తప్పక పరీక్ష చేయించుకోవాలి. ఇచ్చిన కార్డును రేషన్ కార్డంత భద్రంగా దాచుకోవాలి.

2. సాల్యుబిలిటీ పరీక్షలో “ఉంది” అని వస్తే భయపడవద్దు, అక్కడితో ఆగవద్దు. వాహకులో, వ్యాధి ఉన్నవారో తేల్చే రెండవ పరీక్ష చేయించుకోండి. వాహకులు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటారు.

3. పెళ్లికి ముందే ఇద్దరి కార్డులూ చూడండి. ఇద్దరూ వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇది తల్లి తప్పు కాదు, తండ్రి తప్పు కాదు. చెరొక అక్షరం ఇద్దరి నుండీ వస్తేనే వ్యాధి వస్తుంది. కోడలిని నిందించే ఇళ్లలో ఈ మాట పెద్దలు గట్టిగా చెప్పాలి.

4. వ్యాధి ఉన్న బిడ్డకు నీళ్లు ఎక్కువగా తాగించండి, చలిలో తిరగనివ్వకండి, టీకాలు తప్పించకండి. డాక్టరు రాసిన పెన్సిలిన్, ఫోలిక్ ఆమ్లం, హైడ్రాక్సీయూరియా వంటి మందులను మీ అంతట మీరు ఆపవద్దు.

5. జ్వరం వచ్చినా, బిడ్డ ఉన్నట్టుండి పాలిపోయినా, ఎడమ డొక్కలో ప్లీహం పెరిగి గట్టిగా తగిలినా, ఊపిరి బరువైనా ఉదయం దాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి.

ప్లీహాన్ని ఎలా తడిమి చూసుకోవాలో డిశ్చార్జి నాడు మా సిస్టర్లు తల్లులకు చేయి పట్టి నేర్పుతారు. రానివారు సిగ్గుపడకుండా మళ్లీ అడగవచ్చు.